నలభై దాటిన చూపు

తెలుగువారి నిత్యవ్యవహారంలో 'చత్వారం' అనే మాట ఒకటి ఉంది. సంస్కృతంలో 'చత్వారింశత్' అంటే నలభై. ఆ సంఖ్యావాచకమే జనుల నోట అరిగి చత్వారమైంది. నలభై ఏళ్ళ ప్రాంతంలో దగ్గరి వస్తువు చూపుకు ఆనకపోవడాన్ని ఈ మాట సూచిస్తుంది. ఒక దృష్టిలోపానికి రోగం పేరు పెట్టక వయస్సు పేరు పెట్టడంలో పూర్వుల లోకజ్ఞత కనిపిస్తుంది. జ్వరం కొందరికి వస్తుంది, కొందరికి రాదు. నలభైయో ఏడు మాత్రం ఆయుష్షు ఉన్న ప్రతివారికీ వస్తుంది. దాని వెంట చత్వారమూ వస్తుంది. పండితుడు, పామరుడు, ధనికుడు, దరిద్రుడు అన్న భేదం దానికి లేదు.

దాని రాకకు చడీచప్పుడూ ఉండదు. వార్తాపత్రిక పట్టుకున్న చేయి నెలనెలకూ కొంత ముందుకు చాగుతుంది. మందుసీసా మీది సన్నని అక్షరాలు చదవడానికి కిటికీ దగ్గరకు వెళ్ళవలసి వస్తుంది. సూదిలో దారం ఎక్కించడానికి ఇల్లాలు పిల్లలను పిలుస్తుంది. బియ్యంలో రాళ్ళు ఏరే వేళ్ళు తడబడతాయి. సెల్‌ఫోను తెర మీద అక్షరాల పరిమాణం పెరుగుతుంది. చాలామంది ఈ మార్పును గుర్తిస్తారు గాని అంగీకరించరు. వెలుతురు చాలడం లేదంటారు, అచ్చు బాగా లేదంటారు, నిద్ర తక్కువైందంటారు. కళ్ళజోడు పెట్టుకోవడమంటే వార్ధక్యానికి తలుపు తీయడమని వారి భయం.

ఈ భయం వల్ల చూపు నిలవదు. పని మాత్రం చెడుతుంది, చదువు ఆగుతుంది, పేదవాని ఇంట కూలి తగ్గుతుంది. కనుక వయస్సు తెచ్చిన మార్పును సకాలంలో ఒప్పుకోవడం, దానికి తగిన సాధనాన్ని ఓపికతో అలవరచుకోవడం, స్తోమత లేనివారికి ఆ సాధనాన్ని అందజేయడం అనే మూడింటినీ సమాజం తన కర్తవ్యాలుగా భావించవలసి ఉంది. వీటిలో మొదటి రెండూ వ్యక్తికి సంబంధించినవి. మూడవది అందరికీ సంబంధించినది.

కంటిలో జరిగే మార్పును ముందుగా గ్రహించాలి. కనుపాప వెనుక పారదర్శకమైన కటకం ఒకటి ఉంటుంది. దాని చుట్టూ ఉంగరంవలె సిలియరీ కండరం అమరి ఉంటుంది. దూరపు వస్తువును చూసేటప్పుడు కటకం పలచబడి ఉంటుంది. దగ్గరి వస్తువును చూసేటప్పుడు కండరం బిగుసుకుంటుంది, కటకాన్ని పట్టి ఉంచే సన్నని తంతువులు సడలుతాయి, కటకం తన సహజగుణం చేత ఉబ్బుతుంది. జర్మనీకి చెందిన హెల్మ్‌హోల్ట్జ్ అనే శాస్త్రజ్ఞుడు 1855లో ఈ క్రమాన్ని వివరించాడు. భౌతికశాస్త్ర గ్రంథాలు ఈ శక్తినే కంటి సర్దుబాటు అంటాయి. పదేళ్ళ బాలుడు పుస్తకాన్ని కంటికి సుమారు 8 సెంటీమీటర్ల దూరంలో పెట్టుకొని కూడా చదవగలడు. వయస్సు పెరిగేకొద్దీ కటకం గట్టిపడుతుంది. కండరం బిగుసుకున్నా అది మునుపటివలె ఉబ్బదు. నలభై అయిదు ఏళ్ళ నాటికి స్పష్టంగా కనిపించే అతి దగ్గరి దూరం సుమారు 25 నుంచి 30 సెంటీమీటర్లకు జరుగుతుంది. యాభై దాటితే అది అరమీటరు వరకు పోతుంది. చేయి పొడవుకు హద్దుంది గాని ఈ జరుగుబాటుకు హద్దు లేదు.

ఇందులో గమనించదగిన విషయం ఒకటుంది. చత్వారం నలభైయో ఏట హఠాత్తుగా పుట్టేది కాదు. కటకం గట్టిపడటం బాల్యంలోనే మొదలవుతుంది. పదహారేళ్ళ విద్యార్థి కంటిలోనూ అది సాగుతూనే ఉంటుంది. సర్దుబాటు శక్తి అప్పటికి సమృద్ధిగా ఉండటం వల్ల లోటు తెలియదు. నిలువ సొమ్ము కరిగిపోయిన నాడు గదా ఇంటివాడికి ఖర్చు కనిపించేది!

మానవుడు ఈ లోటుకు ఉపాయం వెదకడం ఏడు శతాబ్దాల నాటి మాట. కుంభాకార కటకాలతో చేసిన కళ్ళద్దాలు పదమూడవ శతాబ్దం చివరి భాగంలో ఇటలీలో వెలిశాయి. ఈ కళ పుట్టి ఇంకా ఇరవై ఏళ్ళు కాలేదని 1306లో జొర్దానో అనే మతాచార్యుడు ఫ్లోరెన్సు నగరంలో తన ఉపన్యాసంలో పేర్కొన్నాడు. ఆ తొలి అద్దాలు దగ్గరి చూపు కోసం చేసినవే. గ్రంథాలు చదివే, ప్రతులు వ్రాసే వృద్ధ సన్యాసులకు అవి ప్రాణప్రదమయ్యాయి. మన దేశంలో వీటి చరిత్రను పరిశోధించిన పి.కె. గోడె విజయనగర కాలపు సాక్ష్యం ఒకటి వెలికితీశారు. శ్రీకృష్ణదేవరాయల కాలంలో ప్రసిద్ధుడైన మాధ్వ యతి వ్యాసతీర్థులు కళ్ళద్దాల సాయంతో గ్రంథపఠనం చేసినట్టు సోమనాథ కవి రచించిన సంస్కృత కావ్యం 'వ్యాసయోగిచరితం' తెలుపుతున్నది. అంటే తెలుగు సాహిత్యం ప్రబంధయుగంలో వెలుగొందుతున్న రోజులలోనే వయోవృద్ధుడైన ఒక పండితుడు తన చూపు తగ్గిందని నిస్సంకోచంగా ఒప్పుకొని, దూరదేశపు సాధనాన్ని స్వీకరించి, తన విద్యావ్యాసంగాన్ని కొనసాగించాడు. ఆయన పాండిత్యానికి అది లోపమని ఎవరూ భావించలేదు.

దగ్గరి చూపుకు ఒక జత, దూరపు చూపుకు మరొక జత అవసరమైనవారికి చిక్కు వచ్చింది. అమెరికా రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ రెండు రకాల కటకాలను సగానికి కోయించి, ఒకే చట్రంలో పైనొకటి క్రిందొకటి అమర్చుకున్నాడు. 1785లో మిత్రునికి వ్రాసిన లేఖలో దాని ప్రయోజనం వివరించాడు. ఫ్రాన్సులో విందుకు కూర్చున్నప్పుడు కంచంలోని పదార్థమూ, ఎదుటివారి ముఖమూ రెండూ కనిపిస్తున్నాయని, మాట్లాడేవారి ముఖకవళికలు చూడగలగడం వల్ల పరభాష కూడా బాగా అర్థమవుతున్నదని అతడు సంతోషించాడు. చూపు వినికిడికి కూడా తోడ్పడుతుందన్న ఈ పరిశీలన విలువైనది. 1827లో హాకిన్స్ అనే ఇంగ్లీషు ఇంజనీరు దూరానికి, మధ్యదూరానికి, దగ్గరకు మూడు భాగాలున్న అద్దాలు చేశాడు. అయితే ఈ అద్దాలన్నింటిలోనూ భాగానికీ భాగానికీ నడుమ గీత ఉండేది. చూపు గీత దాటిన ప్రతిసారీ ఎదుటి వస్తువు గెంతినట్టు కనిపించేది.

ఆ గీతను తొలగించిన యత్నాలలో ఫ్రెంచి ఇంజనీరు బెర్నార్డ్ మెతెనాజ్ చేసిన కృషి ప్రధానమైనది. బైఫోకల్ అద్దాలతో తన తండ్రి పడే ఇబ్బందిని చూసి అతడు ఈ సమస్య మీద దృష్టి నిలిపాడని చెబుతారు. అతడు రూపొందించిన వారిలక్స్ అద్దం 1959లో మార్కెట్‌లోకి వచ్చింది. అందులో పైనుంచి క్రిందికి కటకపు శక్తి మెట్టుమెట్టుగా కాక వాలుగా మారుతుంది. పైభాగంతో వీధి చివర, నడిమి భాగంతో బల్ల మీది వస్తువు, క్రింది భాగంతో చేతిలోని పుస్తకం కనిపిస్తాయి. నేడు కళ్ళజోళ్ళ దుకాణాలలో ప్రోగ్రెసివ్ అద్దాలని పిలిచేవి ఇవే.

ఈ అద్దాలు మొదటిసారి ధరించినవారు తరచుగా నిరాశ చెందుతారు. నేల పైకి లేచినట్టు, గుమ్మం వంగినట్టు, తల తిప్పితే గోడలు ఊగినట్టు అనిపిస్తుంది. కంటి కొసలతో చూస్తే అంతా మసక. ఇంత ధర పోసి కొన్నది లోపభూయిష్టమని కొందరు మూడవ నాడే దానిని పెట్టెలో పడవేస్తారు. నిజానికి ఆ మసక తయారీలోని దోషం కాదు. కటకపు శక్తి పైనుంచి క్రిందికి ఎడతెగక పెరగాలంటే, ఇరుపక్కలా కొంత వికారం ఏర్పడక తప్పదు. ఇది క్షేత్రగణిత నియమం. పనివాడు ఎంత నేర్పరి అయినా ఆ వికారాన్ని అటూ ఇటూ పంచగలడే గాని పూర్తిగా తుడిచివేయలేడు. ఖరీదైన అద్దంలో నడిమి దారి కొంత విశాలంగా ఉంటుంది, అంతే భేదం.

కనుక అద్దం మనిషికి ఎంత ఒదగాలో మనిషి కూడా అద్దానికి అంత ఒదగాలి. జీవితమంతా కనుగుడ్లు తిప్పి పక్కకు చూసినవారు ఇప్పుడు ముక్కును చూడదలచిన వస్తువు వైపు తిప్పడం నేర్చుకోవాలి. చదివేటప్పుడు తల వంచక చూపు దించాలి. మెట్లు దిగేటప్పుడు ఇందుకు విరుద్ధంగా గడ్డం దించి, అద్దం పైభాగం నుంచి మెట్టును చూడాలి. కొత్త జోడును ఉదయం లేచినది మొదలు ధరించాలి. గంటసేపు కొత్తది, గంటసేపు పాతది పెట్టుకుంటే మెదడుకు దేనితోనూ పొత్తు కుదరదు. నిలకడగా ధరించినవారిలో చాలామందికి కొద్ది రోజులలోనో రెండు వారాలలోనో ఆ ఊగిసలాట సద్దుమణుగుతుంది. అప్పటికీ తలనొప్పి, తూలు తగ్గకపోతే ఓర్చుకొని కూర్చోరాదు. కనుపాపల మధ్య దూరం, చట్రంలో కనుపాప నిలిచే ఎత్తు సరిగా కొలిచారో లేదో మళ్ళీ పరీక్షింపజేసుకోవాలి. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా వచ్చినా చూపు దారి తప్పుతుంది.

ఈ అభ్యాసంలో ఒక విశేషార్థం ఉంది. అద్దం మారిన తరువాత మసక మసకగానే ఉంటుంది, కటకం గట్టిదనమూ తగ్గదు. మారేది మెదడు. ఏది పట్టించుకోవాలో, ఏది విడిచిపెట్టాలో అది కొత్తగా తెలుసుకుంటుంది. కంటి సర్దుబాటు శక్తి సన్నగిల్లిన వయస్సులో మనిషికి ఇంకొక సర్దుబాటు శక్తి మిగిలే ఉన్నదనడానికి ఇది నిదర్శనం. అరవైయో ఏట కొత్తగా చూడటం నేర్చిన వ్యక్తిని పెద్దవయస్సులో చదువు మొదలుపెట్టిన విద్యార్థివలె గౌరవించాలి.

అట్లని ఈ అద్దాలు అందరికీ అవసరమని చెప్పడం సత్యం కాదు. ఖరీదైనదే మేలైనదన్న భావన వ్యాపారానికి అనుకూలించవచ్చు గాని కంటికి అనుకూలించదు. దినమంతా ఒకే దూరంలో పని చేసే నేతగానికి, దర్జీకి, కంసాలికి ఆ దూరానికి సరిపడే సాధారణమైన అద్దమే హాయి. దూరదృష్టి చక్కగా ఉన్నవారికి చదివేటప్పుడు పెట్టుకొనే జోడు చాలు. పడిపోయే ప్రమాదం ఉన్న వృద్ధుల విషయంలో మరింత వివేకం కావాలి. ఆస్ట్రేలియాలో సుమారు 600 మంది వృద్ధులను పరిశీలించి 2010లో ప్రకటించిన అధ్యయనం ఆలోచింపదగినది. తరచుగా బయట తిరిగేవారికి నడక కోసం కేవలం దూరపు చూపు అద్దాలు విడిగా ఇస్తే వారు పడిపోవడం తగ్గింది. ఎక్కువగా ఇంటి పట్టున ఉండేవారికి ఆ మార్పు మేలు చేయలేదు సరికదా, బయటికి వచ్చినప్పుడు వారు పడిపోవడం పెరిగింది. ఒకరికి హితమైనది మరొకరికి అహితం కావచ్చు. వ్యక్తి చేసే పని, నడిచే నేల, వయస్సు విచారించి అద్దాన్ని నిర్ణయించాలని ఇందువల్ల తేలుతున్నది.

ఇంతవరకు చెప్పినది అద్దాలు కొనగలిగినవారి సంగతి. దీనికంటె బరువైన ప్రశ్న వేరే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వెలువరించిన దృష్టి నివేదిక ప్రకారం లోకంలో సుమారు 180 కోట్ల మందికి చత్వారం ఉంది. వారిలో 82 కోట్లకు పైగా ప్రజలు తగిన అద్దాలు లేక దగ్గరి చూపు లోపంతోనే కాలం గడుపుతున్నారు. ఏడు వందల ఏళ్ళ క్రితమే దొరికిన ఉపాయం నేటికీ ఇన్ని కోట్లమందికి చేరకపోవడం విచారకరం. దీనికి శస్త్రచికిత్స అక్కరలేదు, విలువైన మందులు అక్కరలేదు. కొన్ని వందల రూపాయల జోడు చాలు.

ఆ జోడు విలువ ఎంతో అస్సాం తేయాకు తోటలు చెబుతున్నాయి. అక్కడ నలభై దాటిన 750 మందికి పైగా కార్మికులతో జరిపిన పరిశోధన ఫలితాలు 2018లో వెలువడ్డాయి. దగ్గరి చూపు అద్దాలు పొందినవారు కోసిన ఆకు, పొందనివారితో పోలిస్తే సుమారు 22 శాతం అధికంగా పెరిగింది. బంగ్లాదేశ్ గ్రామాలలో చేతిపనులు చేసేవారిని ఎనిమిది నెలలు పరిశీలించి 2024లో ప్రకటించిన మరొక అధ్యయనంలో, అద్దాలు పొందినవారి ఆదాయం పొందనివారి ఆదాయంకంటె సుమారు 33 శాతం ఎక్కువగా ఉన్నట్టు తేలింది. నైపుణ్యం వారి చేతులలో అంతకు ముందే ఉంది. అద్దం ఆ చేతులకు దారి చూపింది.

ఈ దృష్టితో తెలుగునేలను పరికించాలి. పోచంపల్లిలో చిటికీ కట్టి రంగులద్దే చేతులు, వెంకటగిరిలో సన్ననూలు నేసే చేతులు, నిజామాబాదు, కరీంనగరు ప్రాంతాలలో బీడీలు చుట్టే స్త్రీల చేతులు నలభై ఏళ్ళకు పనిలో పరిపక్వత పొందుతాయి. సరిగా ఆ వయస్సులోనే చూపు వెనుకంజ వేస్తుంది. తెగిన పోగు కనిపించక నేత నెమ్మదిస్తుంది. కూలి పనిని బట్టి లభించేచోట ఆ నెమ్మది నేరుగా అన్నంలో కోత అవుతుంది. పనివాడు తన చేయి పట్టు తప్పిందని బాధపడతాడు. తప్పింది చేయి కాదని, చూపని అతనికి చెప్పేవారు ఉండరు.

ప్రభుత్వాలు ఈ దిశలో కొంత అడుగు వేశాయి. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో 'కంటి వెలుగు' ప్రారంభమైంది. 2023 జనవరిలో ఖమ్మంలో రెండవ విడత మొదలైంది. ఊరూరా శిబిరాలు పెట్టి, కళ్ళు పరీక్షించి, అద్దాలు ఉచితంగా పంచారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న ఇదే పేరుతో కార్యక్రమం ఆరంభమై, మొదట బడిపిల్లలకు, తరువాత వృద్ధులకు పరీక్షలు జరిగాయి. ఇవి ప్రశంసనీయమైనవే. కాని చత్వారం విడతలుగా రాదు. ఈ ఏడు నలభై నిండినవారు ఉన్నట్టే వచ్చే ఏడూ ఉంటారు. ఒకసారి ఇచ్చిన అద్దం అయిదారేళ్ళకు చాలదు. కనుక శిబిరం ముగిసిన తరువాత కూడా సాగే ఏర్పాటు కావాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపోటు చూసినంత సహజంగా దగ్గరి చూపును పరీక్షించాలి. చేనేత సహకార సంఘాలు, కార్మిక సంక్షేమ సంస్థలు పనిముట్లలో కళ్ళజోడును కూడా చేర్చుకోవాలి. మగ్గానికి నాడె ఎంత అవసరమో, నేతగానికి చూపు అంత అవసరం.

ప్రజలలో నాటుకున్న అపోహలు తొలగనిదే ఈ ఏర్పాట్లు ఫలించవు. అద్దాలు పెట్టుకుంటే చూపు ఇంకా మందగిస్తుందని అనేకులు నమ్ముతారు. అద్దం పెట్టినా పెట్టకపోయినా కటకం తన దారిన గట్టిపడుతుంది. ఏటేటా శక్తి పెంచవలసి రావడం వయస్సు చేసే పని, అద్దం చేసే పని కాదు. కంటి వ్యాయామాలతో చత్వారం పోతుందన్న ప్రచారమూ ఉంది. గట్టిపడిన కటకాన్ని వ్యాయామం మెత్తబరచలేదు. ఇరుగుపొరుగువారి జోడు అరువు తెచ్చుకోవడం, తిరునాళ్ళలో అందినది కొనడం మరొక అలవాటు. దానివల్ల తాత్కాలికంగా అక్షరం కనిపించవచ్చు. కాని నలభై ఏళ్ళ తరువాత నీటికాసులు వంటి వ్యాధులు నొప్పి లేకుండా చూపును హరిస్తాయి. అద్దం కోసం వైద్యుని దగ్గరకు వెళ్ళినప్పుడు జరిగే పరీక్షలో అవి ముందుగా బయటపడే అవకాశం ఉంది. ఈ ఒక్క కారణం చాలు, ఆ పరీక్షను వాయిదా వేయకుండా ఉండటానికి.

ఈ విషయంలో యువతరం బాధ్యత చిన్నది కాదు. ఇంట్లో తల్లి సూదీ దారం పట్టుకొని పిలిచినప్పుడు విసుక్కోకుండా దారం ఎక్కించి ఇవ్వడం మంచిదే. ఆమెను కంటి పరీక్షకు వెంటబెట్టుకొని పోవడం అంతకంటె మంచిది. తండ్రి ఉత్తరాన్ని చేయి చాచి చదువుతుంటే పరిహసించడం తేలిక. ఆ చేయి పొడవులో ఒక అవసరం దాగి ఉన్నదని గ్రహించడానికి కొంత సహృదయత కావాలి. కొత్త అద్దాలతో మెట్ల దగ్గర తడబడే పెద్దవారికి తొందర పెట్టని తోడు కావాలి. ఒక కుమారుడు తండ్రి ఇబ్బందిని గమనించడం నుంచి ప్రపంచానికి గీతలేని అద్దం లభించిందన్న కథ విద్యార్థులకు స్ఫూర్తి కావాలి. శాస్త్రీయ ఆవిష్కరణలలో అనేకం ఇటువంటి ఆత్మీయమైన గమనిక నుంచే మొలకెత్తుతాయి.

పూర్వులు కళ్ళజోడుకు 'సులోచనాలు' అని పేరు పెట్టారు. మంచి కన్నులని దాని అర్థం. పుట్టుకతో వచ్చిన కన్నులు ప్రకృతి ఇచ్చినవి. సులోచనాలు మానవ ప్రజ్ఞ ఇచ్చినవి. మొదటివి సడలిన నాడు రెండవవాటిని చేపట్టడంలో న్యూనత లేదు. నలభై ఏళ్ళు చదివిన చదువు, నేర్చిన విద్య, గడించిన అనుభవం ఒక గాజుబిళ్ళ కొరతవల్ల మూలపడిపోతే అది ఆ వ్యక్తికే కాక దేశానికీ నష్టం. ఆ నష్టాన్ని నివారించడానికి పట్టే వ్యయం స్వల్పం, కావలసిన ఓపిక కొద్ది వారాలది. ఏ ఊరిలోనైనా చూపు ఆనక పని మానుకున్నవారు ఒక్కరూ లేరని చెప్పగలిగిన నాడు ఆ ఊరు నిజంగా చదువుకున్న ఊరు అనిపించుకుంటుంది.